పాలు మరిగాయి, పిల్లి పాలు మరిగింది

‘కొత్త ఆఫీసు మరిగాను’ అనొచ్చా అని అడిగారు. నా ఉద్దేశంలో అక్కడ ‘అలవాటు పడ్డాను’ అనడమే సరి. మరగడంలో అలవాటు ఒక్కటే ఉండదు, రుచి ఉండాలి. ఒకసారి రుచి చూసి, దాని కోసం మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లనే మరిగారంటాం. మనిషి రక్తం రుచి మరిగిన పులి, లంచాలు మరిగిన గుమాస్తా, పేకాట మరిగినవాడు.

వాక్యంలో దీని నడక చూడండి. ‘పాలు మరిగాయి’ అంటే పొయ్యి మీద కాగాయి. ‘పిల్లి పాలు మరిగింది’ అంటే ఇక వంటింటి తలుపు వేసుకోవాల్సిందే. మొదటి వాక్యంలో క్రియ పాలను బట్టి నడిచింది, రెండోదాంట్లో పిల్లిని బట్టి. ‘మరిగిన పాలు’, ‘పాలు మరిగిన పిల్లి’ అన్నప్పుడూ అంతే, మాట ఉన్న చోటే అర్థం తేల్చేస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. పాలను మనం మరిగిస్తాం. పిల్లికి మాత్రం పాలు అలవాటు చేస్తాం, మరగడం దాని పని. ‘మచ్చిక చేసుకోవడం’ ఇందుకు ఎదురు, అది పూర్తిగా మనిషి పని.

‘తిన మరిగిన కోడి ఇల్లెక్కి కూసింది’ అనే సామెత ఈ మాటకు ప్రాణం. రోజూ గుప్పెడు గింజలు దొరికేసరికి కోడికి చనువు వచ్చింది, చనువు కాస్తా పెత్తనమైంది. ‘అలవాటు పడిన కోడి’ అని చూడండి, సామెత చప్పబడిపోతుంది.

అలాగని ఇది ఎప్పుడూ తిట్టే కాదు. వేసవి సెలవుల్లో అమ్మమ్మ కలిపి పెట్టే ఆవకాయ ముద్ద మరిగిన పిల్లాడు ఇంటికొచ్చాక కంచం ముందు మొహం తిప్పేసుకుంటాడు. అక్కడ నింద లేదు, ముద్దే ఉంది. కానీ ఈత, సంగీతం, మంచి నడవడి లాంటివాటికి ‘అలవడింది’ అందంగా ఉంటుంది. అతనికి ఈత అలవడింది, అతను తాగుడు మరిగాడు. ఈ రెండూ తారుమారు చేస్తే చెవికే తెలిసిపోతుంది.

ఇప్పుడు పత్రికల్లో ప్రతిదానికీ ‘బానిసయ్యాడు’ అని రాస్తున్నారు. నాకది బాధగా ఉంటుంది. బానిసత్వం చివరి మెట్టు. దానికి ముందు, ఇష్టంగా వెళ్లి ఇంకా వెనక్కి రాగలిగే దశ ఒకటుంటుంది. దానికి ‘మరిగాడు’ అనే మాట మనకుంది, దయచేసి వాడండి.

‘మరుగున పడటం’లోని మరుగు వేరు. అది చాటు అనే అర్థమున్న నామవాచకం, దీనితో కలపకండి.