టెక్ కంపెనీ పెట్టినవాడు వీరుడా, ధీరుడా? (ఒక భర్తృహరి పద్యం మీద చర్చ)

బ్రాడీపేట మాస్టారు:
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంజనీరింగ్ కాలేజీలో వచ్చే వారం వక్తృత్వ పోటీలు. ఒకమ్మాయి తీసుకున్న అంశం, టెక్నాలజీ కంపెనీ స్థాపించినవాణ్ణి ఈ కాలపు హీరో అనొచ్చా అని. అనొచ్చనే వాదిస్తుందట, అదీ తెలుగులోనే. సంతోషించాను. చిక్కంతా ఆ ‘హీరో’ దగ్గరొచ్చింది. అలాగే ఉంచితే వినేవాళ్లకి కటౌట్లూ పాలాభిషేకాలూ గుర్తొస్తాయి. నాయకుడంటే ఓట్లు అడిగేవాడు. కథానాయకుడంటే మళ్లీ సినిమానే. చివరికి ‘ఆధునిక వీరుడు’ అని రాసుకొచ్చింది. నాకు అతకలేదు. భర్తృహరి సంస్కృత శ్లోకాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఈ పద్యం చూపించాను:

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై
యారంభించి పరిత్యజించుదురు విఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థములుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

అడ్డంకులకు జడిసి నీచులు అసలు మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేస్తారు, ధీరులు ఎన్ని దెబ్బలు తిన్నా మొదలుపెట్టింది వదలరు అని భావం. ఇందులో ‘ధీరుడు’ ఆ పిల్ల చెప్పదలచుకున్నదానికి సరిపోతాడనిపిస్తోంది. మీరేమంటారు?

కారెంపూడి వాసి:
వీరుడు వద్దే వద్దు మాస్టారూ. మా ఊళ్లో ఆ మాటకు అర్థం వేరు. నాగులేరు ఒడ్డున వీరుల గుడిలో పూజలందుకునేది పల్నాటి యుద్ధంలో నేలకొరిగినవాళ్లు. ఏటా కార్తీక అమావాస్యకి మొదలయ్యే ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులూ వాళ్ల కథే నడుస్తుంది. కల్లిపాడు నాడు కొణతాలు (వీరుల ఆయుధాలు) పట్టుకుని ఒరిగిపోయేవాళ్లని కళ్లారా చూసినవాడికి, ఏసీ గదిలో లాప్‌టాప్ ముందున్న మనిషిని వీరుడంటే నోరు తిరగదు. వీరగల్లు, అంటే వీరుడి గుర్తుగా నిలిపే రాయి, వేసేది కూడా పోయినవాళ్లకే కదండీ. బతికున్నవాణ్ణి, అందులోనూ షేర్లున్నవాణ్ణి వీరుణ్ణి చెయ్యడం మా పల్నాడులో కొంచెం అపశకునం కూడాను.

పటమట ఇంజనీరు:
హిందీలో ఈ వ్యాపారం పెట్టేవాణ్ణి ‘ఉద్యమీ’ అంటారు. చక్కటి సంస్కృత మాట. పూనిక, ప్రయత్నం ఉన్నవాడు అని అర్థం. మనమూ వాడదామంటే, బెజవాడలో ‘ఉద్యమకారుడు వచ్చాడు’ అనగానే అందరూ ధర్నా చౌక్ వైపు చూస్తారు.

బ్రాడీపేట మాస్టారు:
అవును, ఆ దారి మూసుకుపోయింది.

గాంధీనగరం పాత పుస్తకాలాయన:
కారెంపూడి వారితో సగమే ఏకీభవిస్తాను. మన ఊరి వాడుక వేరు, అలంకార శాస్త్రం వేరు. వీరరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, ఏమిటి? కోపం కాదు, అది రౌద్రానికి. చావుకు తెగించడం కూడా కాదు. ఉత్సాహం. అంటే శాస్త్రం దృష్టిలో కత్తి లేకపోయినా వీరుడవుతాడు, ఉత్సాహం లేకపోతేనే కాడు. అందుకే యుద్ధవీరుడి పక్కనే దానవీరుణ్ణి, దయావీరుణ్ణి, ధర్మవీరుణ్ణి కూర్చోబెట్టారు. ఈ నాలుగుతో ఆగక్కర్లేదని ఆలంకారికుడు జగన్నాథ పండితరాయలే అన్నారు. సత్యవీరుడు, పాండిత్యవీరుడు, క్షమావీరుడు ఎందుకు కాకూడదని వాదించారు. ఆయన మన గోదావరి మనిషి, మొహమాటం లేకుండా అడుగుతాడు.

ఇప్పుడు పద్యం చూడండి. ‘ధృత్యున్నతోత్సాహులై’. ఉత్సాహం అక్కడే ఉంది. పత్రికలవాళ్లు కంపెనీ పెట్టబోయేవాళ్లని ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్తలు’ అని రాస్తారు. అరిగిపోయిన మాటే గానీ, రాసేవాళ్లకి తెలియకుండానే వీరరసం స్థాయీభావాన్ని వాళ్లకి అంటగడుతున్నారు. ఆ అమ్మాయి వాదనకు ఇంతకంటే గట్టి పునాది నాకు కనబడదు.

అసలు తమాషా మూలంతో పోల్చినప్పుడు బయటపడుతుంది. భర్తృహరి శ్లోకంలో మూడో రకం మనుషుల్ని ‘ఉత్తమజనాః’ అన్నాడు. నీచులు, మధ్యములు, ఉత్తములు. లెక్క సరిపోయింది. లక్ష్మణకవి నీచుల్ని, మధ్యముల్ని అలాగే ఉంచి, ఉత్తముల దగ్గర మాత్రం ‘ధీరుల్’ అన్నాడు. శ్లోకంలో లేని ‘ధృత్యున్నతోత్సాహులై’ చేర్చాడు. ‘ప్రజ్ఞానిధుల్ గావునన్’ అని కారణం కూడా చేర్చాడు, అదీ శ్లోకంలో లేదు. శార్దూలంలో చోటు మిగిలి నింపాడనుకోవచ్చు. నేననుకోను. భర్తృహరి మంచి మనుషులు మధ్యలో వదలరని చెప్పి ఊరుకున్నాడు. మన కవి ఎందుకు వదలరో చెప్పాడు.

సత్తెనపల్లి రోడ్డు:
మొదలుపెట్టనివాడు నీచుడా అండీ? ఇంటి లోను వాయిదా కట్టుకుంటూ ఉద్యోగం చేసుకునేవాళ్లం ఏం పాపం చేశాం?

గాంధీనగరం పాత పుస్తకాలాయన:
నీచ అంటే దుర్మార్గుడని కాదండీ, కింది మెట్టు అని. అయినా మీ బాధ న్యాయమే. భర్తృహరి రాజని చెప్పుకుంటారు, ఆయనకి వాయిదాలు లేవు.

పటమట ఇంజనీరు:
‘విఘ్ననిహన్యమానులగుచున్’ అన్న మాటకి నా దగ్గర సరైన ఉదాహరణ ఉంది. నిహన్యమాన అంటే దెబ్బ మీద దెబ్బ తింటూ ఉండటం. ఎలాన్ మస్క్ స్పేస్ఎక్స్ మొదటి రాకెట్ ఫాల్కన్ 1. 2006లో పోయింది, 2007లో పోయింది, 2008 ఆగస్టులో మూడోసారీ పోయింది. నాలుగోది అదే ఏడాది సెప్టెంబర్ 28న కక్ష్యలోకి వెళ్లింది. మూడోసారి ఎందుకు పోయిందో చూడండి. కింది దశ ఇంజను ఆపేశాక కూడా అందులో కొద్దిపాటి తోపుడు మిగిలి ఉంది. విడిపోయిన కింది ముక్క ఆ తోపుడుతో వెళ్లి పై ముక్కని గుద్దుకుంది. ఇంజను ఆపడానికీ, విడదీయడానికీ మధ్య ఎడం కాస్త పెంచారు. అంతే, రెండు నెలలు కాకుండానే మళ్లీ ఎగరేశారు. మూడుసార్లు పోయినా వదల్లేదన్నది ధృతి. ఏం మార్చాలో అంత కచ్చితంగా పట్టుకోవడం ప్రజ్ఞ. ఆ రెండోది లేకుండా నాలుగోసారీ అలాగే ఎగరేసి ఉంటే దాన్ని మొండితనం అంటాం.

దూరం ఎందుకు, బెజవాడ ఎఫ్‌ట్రానిక్స్ వాళ్లు రైల్వేలకి డేటా లాగర్లు చేశారు. ఏ రిలే (సిగ్నళ్లని నడిపే విద్యుత్ స్విచ్) ఎప్పుడు పడింది, ఏ సిగ్నల్ ఎప్పుడు మారింది అన్నది క్షణాలతో సహా రాసిపెట్టుకునే పెట్టె. ఏదైనా తేడా జరిగితే అది విప్పి చూస్తారు. సినిమా తియ్యడానికి పనికిరాని కథ, కానీ రైలెక్కే ప్రతివాడికీ పనికొచ్చేది.

అరండల్‌పేట డాక్టరమ్మ:
నేను వరప్రసాద్‌రెడ్డి గారిని చెప్పమంటాను. నెల్లూరు జిల్లా మనిషి, చదివింది ఎలక్ట్రానిక్స్, చేసింది టీకా. హెపటైటిస్-బి టీకా టెక్నాలజీ అడిగితే విదేశీ కంపెనీ ఇవ్వలేదు. ఇక్కడే చేసుకుందామంటే బయోటెక్ పేరు వినగానే బ్యాంకులు మొహం తిప్పుకున్నాయి. ఒమన్ విదేశాంగ మంత్రి పెట్టుబడి పెట్టి ఆదుకున్నారు. 1993లో తల్లి పేరుతో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో టీకా తెచ్చారు. బయటి టీకా డోసు వందల రూపాయలున్న రోజుల్లో ఇది యాభై దరిదాపుల్లోకి దిగింది. అంతకుముందు ఆ టీకా వేయించుకోమని చెప్పాలంటే ఎదుటివాళ్ల బట్టలు చూసి చెప్పేవాళ్లం. ఆ తర్వాత ఎవరికైనా చెప్పగలిగాం. మనలాంటి భాషాభిమాని కూడా, హాస్యానికీ సంగీతానికీ తెలుగులో ఒక పత్రిక నడిపారు.

కానీ మాస్టారూ, ఒక్క విషయం మీ విద్యార్థినికి తప్పకుండా చెప్పండి. ఆ పని ఉస్మానియాలో, తర్వాత హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కూర్చుని చేసిన శాస్త్రవేత్తలున్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. పద్యంలో ‘ధీరుల్’ బహువచనం. మీరేమో అందరూ ‘ధీరుడు’ అంటున్నారు.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, ఇది నాకు తట్టలేదు. నీచమానవులు, మధ్యముల్, ధీరుల్, మూడూ బహువచనాలే. అయితే ఒక చిన్న ఎదురుమాట. ప్రయోగం విఫలమైతే శాస్త్రవేత్తకి ఉద్యోగం మిగులుతుంది. అప్పు ఎవరి పేరున ఉంది, ఊరు ఎవరిని చూసి నవ్వుతుంది? ఆ భారం ఒక్కడి మీదే పడుతుంది కదా. హీరో అనే మాట అక్కడి నుంచే పుడుతోందేమో.

అరండల్‌పేట డాక్టరమ్మ:
ఒప్పుకుంటాను. భారం మోసినవాడికి ఆ పేరు ఇద్దాం. కీర్తి మొత్తం ఇవ్వక్కర్లేదు.

సత్తెనపల్లి రోడ్డు:
మరి సత్యం రామలింగరాజు సంగతి? 1987లో మొదలుపెట్టిన కంపెనీని ఆయనా మధ్యలో వదల్లేదుగా. లేని డబ్బు ఉన్నట్టు లెక్కల్లో చూపించానని 2009 జనవరి 7న ఉత్తరం రాసేదాకా మనమంతా ఆయన్ని హీరో అనే అన్నాం. పులి మీద ఎక్కినట్టయింది, ఎలా దిగాలో తెలియలేదని అందులో ఆయనే రాసుకున్నారు. 2015లో కోర్టు దోషి అంది. పద్యం ప్రకారం ఆయన ధీరుడా?

గాంధీనగరం పాత పుస్తకాలాయన:
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. శ్లోకం ఒక్కటే అయితే నా దగ్గర జవాబు లేదు. మొదలుపెట్టింది వదలనివాడు ఉత్తముడని అది తీర్పు చెప్పేస్తుంది. తెలుగు పద్యం అలా వదిలిపెట్టదు. ‘ప్రారబ్ధార్థములు’ అన్నాడు, మొదలుపెట్టిన ప్రయోజనాలు. ఆయన మొదలుపెట్టింది సాఫ్ట్‌వేర్ పని. చివరికి వదలకుండా పట్టుకున్నది షేరు ధర. మొదలుపెట్టినదాన్ని ఆయన ఎప్పుడో ఉజ్జగించేశాడు, పైకి మాత్రం కనబడనివ్వలేదు. పైగా ‘ప్రజ్ఞానిధుల్ గావునన్’. ఆ ‘గావునన్’ లేకపోతే ధృతికీ, జూదగాడి పంతానికీ తేడా చూపించలేం. జూదగాడూ మధ్యలో లేవడు కదండీ.

కారెంపూడి వాసి:
సరే, ధీరుడికి ఒప్పుకున్నాం. పల్నాడు తరఫున అభ్యంతరం లేదు.

పటమట ఇంజనీరు:
‘నవయుగ ధీరుడు’ అని మాత్రం పెట్టనివ్వకండి, సినిమా పోస్టరులా ఉంటుంది. వట్టి ‘ధీరులు’ చాలు.

బ్రాడీపేట మాస్టారు:
శీర్షిక ‘కంపెనీ పెట్టిన ధీరులు’ అని ఖాయం చేశాం, డాక్టరమ్మ గారి బహువచనంతో. ఫాల్కన్, టీకా రెండూ చెబుతుంది. సత్యం సంగతి కూడా తనే ఎత్తుతానంది, ఎదుటివాళ్లు అడిగేదాకా ఆగదట. ఇక మిగిలిన కష్టం ఉచ్చారణ. మూడో పాదం దగ్గర ఊపిరి చాలక ‘ధృత్యు’ని ‘దృత్యు’ అనేస్తోంది.

గాంధీనగరం పాత పుస్తకాలాయన:
విడదీసి నేర్పండి. ధృతి + ఉన్నత, యణాదేశం. ఉన్నత + ఉత్సాహులు, గుణసంధి. పాదం మొదట్లో ‘ధీ’కి యతి సరిగ్గా ఆ ‘ధృ’ దగ్గరే పడుతుంది. ‘నిహన్యమానులగుచున్’ అయ్యాక ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకోమనండి. యతిస్థానంలో ఆగితే తప్పు పట్టేవాడు ఎవడూ ఉండడు, ఒత్తూ దానంతటదే పలుకుతుంది.