ఊరి బోర్లలో రసాయనాలు: కంపెనీ ఇచ్చే ఆర్‌వో ప్లాంటు తీసుకోవాలా, బోర్లు మూసి పైపు నీళ్ళకే పట్టుబట్టాలా?

మంజీరతీరం:
పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, జీడిమెట్ల. మందుల కంపెనీల చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటిలో తెగని తగువు ఇది. బోరు నీళ్ళు వాసనొస్తాయి, బిందెలో నురగ తేలుతుంది, గ్రామసభలో గొడవవుతుంది. పక్కనున్న కంపెనీ గంటకు వెయ్యి లీటర్ల ఆర్‌వో ప్లాంటు, అంటే నీటిని సన్నటి పొరలోంచి నెట్టి వడకట్టే మిషను, పెట్టిస్తానంటుంది. ఊరు రెండుగా చీలుతుంది. తీసుకోవాలని ఒక వర్గం, తీసుకుంటే నోరు కట్టేసుకున్నట్టేనని ఇంకో వర్గం.

తీసుకోవాలనే నేనంటాను. పైపులైన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, పిల్లలు నీళ్ళు తాగేది ఇవాళ. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 1,800 ఉన్న నీళ్ళను ఆర్‌వో 100కి దించుతుంది, మీటరు పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

ల్యాబుబల్ల:
ఆ మీటరుతోనే చిక్కు. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, అందులోంచి ఉప్పుల లెక్క కడుతుంది. క్లోరోఫాం, డైక్లోరోమీథేన్, టోలీన్, మిథనాల్, డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) లాంటివి మందుల తయారీలో వాడే ద్రావకాలు, కరెంటును మోయవు. అవి ఎంత ఉన్నా మీటరు 100 అనే చెబుతుంది.

ఆర్‌వో పొర ఉప్పుల్ని నూటికి 95 పైనే ఆపుతుంది. విద్యుదావేశం లేని చిన్న అణువుల విషయంలో అంత గట్టిది కాదు, డైక్లోరోమీథేన్, మిథనాల్ లాంటివి చాలావరకు దాటిపోతాయి. "ముందు కార్బన్ ఫిల్టరు ఉందిగా" అంటారు. లెక్క చూడండి. వెయ్యి లీటర్ల ప్లాంటు సగం నీటిని వృథాగా వదిలేస్తుంది కాబట్టి గంటకు 2,000 లీటర్లు లోపలికి తీసుకుంటుంది, అంటే నిమిషానికి 33 లీటర్లు. ఆ ప్లాంటులో ఛాతీ ఎత్తున నిలబడే సన్నటి ఫైబర్ సిలిండరులో పట్టే కార్బన్ 40 లీటర్లకు మించదు. నీరు కార్బన్‌లో ఉండేది నిమిషం పైచిలుకు. పొరను పాడుచేసే క్లోరిన్‌ను తీసెయ్యడానికి ఆ మాత్రం చాలు, ద్రావకాలకు చాలదు. వాటికి కనీసం 10 నిమిషాలు కావాలి, 330 లీటర్ల కార్బన్. పైగా టోలీన్ కార్బన్‌కు బాగానే అంటుకుంటుంది, క్లోరోఫాం అంతంతమాత్రం, డైక్లోరోమీథేన్ ఇంకా తక్కువ, డీఎంఎఫ్ దాదాపు అంటుకోదు.

నీళ్ళలో ఏముందో తెలియకుండా మిషను గురించి వాదించుకోవడం దండగ.

బోరుబండి:
అన్నా, ఇన్ని లెక్కలెందుకు? పై నీళ్ళు చెడిపోయినయంటే కిందికి పోవాలె. 300 అడుగుల బోరు బంద్ చేసి 1,000 అడుగులు దింపితే పాత రాతి నీళ్ళు తగులుతయి. కంపెనీ పైసలతోనే వేయించొచ్చు.

గ్రానైటుగుట్ట:
బోరుబండి అన్నా, ఈ సలహా వల్లనే ఊళ్ళకు ఊళ్ళు మునిగినయి, కోపం తెచ్చుకోకుండా వినండి.

మన దగ్గర కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు) పైనున్న మెత్తటి పొర దాటేదాకా, అంటే 10 నుంచి 20 మీటర్లు మాత్రమే వేస్తారు. కిందంతా ఒట్టి రాయి, తెరిచిన రంధ్రం. కేసింగ్ చుట్టూ సిమెంటు పోసే అలవాటు కూడా లేదు. వాగులో వదిలిన కంపెనీ నీరు ముందు ఈ మెత్తటి పొరలోకే ఇంకుతుంది. తర్వాత కేసింగ్ పక్క సందులోంచి బోరులోకి జారుతుంది. మీరు 1,000 అడుగులు దింపితే, ఇప్పటిదాకా శుభ్రంగా ఉన్న కింది పగుళ్ళకు నిలువు గొట్టం వేసి చెడ్డనీరు అందించినట్టు.

ఇంకోటి. క్లోరోఫాం, డైక్లోరోమీథేన్ నీటికంటే బరువు. లీటరు క్లోరోఫాం కిలోన్నర తూగుతుంది. చిక్కగా ఇంకినచోట పగులు వెంట కిందికే దిగుతాయి, నీటి వాలుతో పనిలేదు. అందుకే గ్రానైటులో పక్క బోరు బాగుండి, అర కిలోమీటరు అవతలి బోరు కంపు కొట్టే అవకాశముంది. లోతు చూసి నమ్మకూడదు, పగులు ఎటు పోతోందో చూడాలి.

చెడిన బోరును మూసే పద్ధతి కూడా చెబుతాను. మట్టీ రాళ్ళూ వేస్తే అది మూత కాదు. మోటారు, పైపులు బయటికి తీసి, సన్న పైపును అడుగుదాకా దించి, కింది నుంచి పైకి సిమెంటు పాలు ఎక్కించాలి. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్ళు కలిపితే దాదాపు 41 లీటర్ల పాలు వస్తాయి. ఆరున్నర అంగుళాల బోరు మీటరుకు 21 లీటర్లు పడుతుంది. 60 మీటర్ల బోరుకు 31 బస్తాలు, పగుళ్ళు తాగేదానికి ఇంకో ఐదారు చేతిలో ఉంచుకోవాలి. పై నుంచి గుమ్మరిస్తే పాలు నీళ్ళలో విరిగిపోయి మధ్యలో ఖాళీలు మిగులుతాయి.

ఊళ్ళో ఉన్నవన్నీ మాత్రం మూయొద్దు. రెండు మూడు బోర్లు మోటారు లేకుండా, తాళం వేసిన మూతతో పరీక్ష కోసం ఉంచాలి. అన్నీ పూడ్చేస్తే రేపు కాలుష్యం పెరిగిందో తగ్గిందో చెప్పే సాక్షి ఉండదు.

మంజీరతీరం:
సరే, లోతు బోరు మాట వదిలేద్దాం. ఆర్‌వో పనికిరాదు, పైపు ఇంకా రాలేదు. మధ్యలో ఆర్నెల్లు ఏం తాగాలి? అందరూ "వద్దు" అనేవాళ్ళే.

నీళ్ళట్యాంకు:
మంచి ప్రశ్న అడిగారు. మొదటి రోజు పనులు ఇవి. అనుమానం ఉన్న చేతిపంపుల పిడి ఊడదీయాలి, మోటారు స్టార్టరు ఫ్యూజులు తీసి పంచాయతీలో పెట్టాలి. ఎర్ర రంగు ఒక్కటే పూస్తే రాత్రిపూట ఎవరో ఒకరు కొట్టుకుంటారు. "మరిగించి తాగండి" అని దండోరా వేయించకూడదు. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మక్రిములు. నైట్రేటు, లోహాలు నీరు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి, ద్రావకాలు ఆవిరై వంటింటి గాలిలో కలుస్తాయి. వేడినీళ్ళ స్నానానికీ ఇదే వర్తిస్తుంది. ట్యాంకులో బ్లీచింగ్ ఎక్కువ వేసినా లాభం లేదు. ఫీనాల్ ఉన్న నీళ్ళలో క్లోరిన్ కలిస్తే వాసన ఇంకా ఘాటెక్కుతుంది.

ఇక పరిమాణం. పాత గ్రామీణ నీటి లెక్కలో మనిషికి 40 లీటర్లు ఉండేది, అందులో తాగడానికి 3, వంటకు 5. ఊళ్ళో 2,000 మంది ఉంటే ఆ 8 లీటర్ల లెక్కన రోజుకు 16,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకరు నాలుగు ట్రిప్పులు. జల జీవన్ మిషన్ చెప్పే 55 లీటర్లూ ట్యాంకర్లతోనే ఇవ్వాలంటే 22 ట్రిప్పులు, అది నడవదు. అందుకే తాగే నీళ్ళు, వండే నీళ్ళు విడగొట్టి, వాటిని మాత్రం కచ్చితంగా అందించాలి.

ట్యాంకరు అంతకుముందు ఏం మోసిందో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ప్రాంతంలో రాత్రిళ్ళు వ్యర్థాలు మోసే ట్యాంకర్లు తిరుగుతాయన్న ఫిర్యాదులు కొత్తవి కావు. 5,000 లీటర్లకు 33 శాతం బ్లీచింగ్ పౌడర్ 30 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ పడుతుంది. అరగంట ఆగి, బిందె దగ్గర కనీసం 0.2 మిగిలిందో లేదో చూడాలి. ఇక్కడ బ్లీచింగ్ అవసరమే, ట్యాంకరు నీళ్ళలో భయం క్రిముల గురించి కాబట్టి.

ల్యాబుబల్ల:
పరీక్ష గురించి నేను పూర్తి చేస్తాను, ఎక్కువమంది పొరపడేది అక్కడే.

ఊరికిచ్చే పరీక్షల పెట్టెలో పీహెచ్, గట్టిదనం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము లాంటివే ఉంటాయి. "ఐఎస్ 10500 (తాగునీటి జాతీయ ప్రమాణం) ప్రకారం పాస్" అన్న కాగితాన్నీ చూసి నమ్మొద్దు. ఆ ప్రమాణంలో క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాములని ఉంది, ఫీనాల్స్‌కు 0.001 ఉంది, కానీ డైక్లోరోమీథేన్‌కు, డీఎంఎఫ్‌కు అంకే లేదు. లేనిదాన్ని ల్యాబు చూడదు, మనం పేరు రాసి అడిగితేనే చూస్తుంది. పక్క కంపెనీలు ఏ ద్రావకాలు వాడతాయో కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రాల్లో వెతికి, ఆ జాబితాతో ల్యాబుకు వెళ్ళాలి.

డబ్బు తక్కువైతే ముందు సీఓడీ చేయించండి, నీళ్ళలోని సేంద్రియ పదార్థం ఆక్సీకరణకు ఎంత ఆక్సిజన్ పడుతుందో చూసే పరీక్ష అది. మంచి బోరు నీళ్ళలో సీఓడీ దాదాపు ఉండదు. లీటరుకు 30, 40 మిల్లీగ్రాములు వచ్చిందంటే బయటి సేంద్రియ రసాయనం చేరిందని గట్టిగా అనుమానించాలి. క్లోరైడు ఎక్కువుంటే ఈ పరీక్ష తప్పుగా ఎక్కువ చూపుతుంది కాబట్టి క్లోరైడు అంకె కూడా పక్కనే చూడాలి.

నమూనా తీసేది బోరు మూతి దగ్గర. ట్యాంకు కింది నల్లా దగ్గర తీస్తే ద్రావకం సగం ఎగిరిపోయి ఉంటుంది. ముందు నిల్వనీరు తోడెయ్యాలి: ఆరున్నర అంగుళాల బోరులో 40 మీటర్ల నీరుంటే 855 లీటర్లు, దానికి మూడింతలు, నిమిషానికి 100 లీటర్ల మోటారైతే 26 నిమిషాలు. తర్వాత ధార సన్నగా చేసి 40 మిల్లీలీటర్ల గాజు సీసాను అంచు పైకి ఉబ్బేలా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టాలి. బుడగ కనిపిస్తే మళ్ళీ మొదట్నుంచి, ఎందుకంటే ద్రావకం ఆ బుడగలోకే చేరుతుంది. ప్రతి బోరుకూ రెండు సీసాలు, 4 డిగ్రీల ఐసు పెట్టె, ఆమ్లం వేసి ఉంటే 14 రోజుల్లోగా, లేకుంటే 7 రోజుల్లోగా పరీక్ష అయిపోవాలి. లోహాలకు వేరే ప్లాస్టిక్ సీసా, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే కిందికి దించాలి. కడిగిన నీళ్ళసీసాలో పట్టుకెళ్ళిన నీళ్ళతో ద్రావకాల సంగతి తేలదు.

మందుల అవశేషాల సంగతి మరీ వేరు. పటాన్‌చెరులో కంపెనీల వ్యర్థ నీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. 2009లో ఆరు గ్రామాల బావులు చూస్తే అన్నిటిలోనూ మందులున్నాయి, కొన్నిటిలో సిప్రోఫ్లోక్సాసిన్, సెటిరిజిన్ లాంటివి లీటరుకు మైక్రోగ్రాము దాటాయి. ఇలాంటి పెద్ద అణువుల్ని మాత్రం ఆర్‌వో బాగా ఆపుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

మంజీరతీరం:
అయితే ఆర్‌వో పూర్తిగా దండగ కాదన్నమాట. ఉప్పులు, నైట్రేటు, మందులు ఉండి ద్రావకాలు లేవని పరీక్షలో తేలిన ఊళ్ళో పెట్టుకోవచ్చు. ద్రావకాలుంటే ముందు గాలి టవరు (నీళ్ళలోంచి గాలి ఊది ద్రావకాన్ని ఎగరగొట్టేది), తర్వాత పెద్ద కార్బన్ డ్రమ్ములు రెండు వరుసగా పెడితే?

ల్యాబుబల్ల:
పెట్టొచ్చు. గాలి టవరు క్లోరోఫాం, టోలీన్, డైక్లోరోమీథేన్ వరకు లాగుతుంది, మిథనాల్, డీఎంఎఫ్ నీళ్ళను వదలవు. రెండు డ్రమ్ముల మధ్య నల్లా ఉండాలి. నెలనెలా అక్కడి నీళ్ళు ల్యాబుకు పంపి, ద్రావకం కనిపించగానే మొదటి డ్రమ్ములో కార్బన్ మార్చి, దాన్ని రెండోదాని వెనక్కి చేర్చాలి. ఆ నెలవారీ పరీక్ష డబ్బు పంచాయతీ పద్దులో లేకుంటే టవరు కట్టకండి. రెండేళ్ళకు కార్బన్ నిండిపోయి, పట్టుకున్నది తిరిగి వదలడం మొదలుపెడుతుంది, ఎవరికీ తెలియదు.

గ్రానైటుగుట్ట:
ఆర్‌వో వదిలే నీరు ఎటు పోతుందో కూడా అడగండి. సగం నీటిలో రెట్టింపు ఉప్పు, అది బోరు పక్క కాలువలోనే పారుతుంది, మళ్ళీ అదే బోరులోకి ఇంకుతుంది.

తీర్మానం:
చట్టం వైపు నుంచి. ప్లాంటు తీసుకోవడం తప్పు కాదు, కాగితం లేకుండా తీసుకోవడం తప్పు. గ్రామసభ తీర్మానంలో "ఇది తాత్కాలిక ఏర్పాటు, దీనివల్ల పరిహారం, శుద్ధి అడిగే హక్కు వదులుకోవడం లేదు" అని రాసి, కంపెనీ ప్రతినిధితో సంతకం చేయించాలి.

గడువులు చూసుకోండి. ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చట్టం 2010లో సెక్షన్ 14 కింద పర్యావరణ వివాదంగా వెళ్తే ఆరు నెలలు, సెక్షన్ 15 కింద పరిహారానికి ఐదేళ్ళు, రెండింటికీ కారణం చూపితే ఇంకో 60 రోజులు. మనకు బెంచి చెన్నైలో. "ప్లాంటు పెడుతున్నాం, కొంచెం ఆగండి" అంటుండగానే ఆ ఆరు నెలలు కరిగిపోతాయి.

కంపెనీ వ్యర్థ నీరు వదిలే గొట్టం దగ్గర మీరు స్వయంగా నింపిన సీసా జల చట్టం 1974 కింద కేసులో నిలవదు. సెక్షన్ 21 ప్రకారం మండలి అధికారి నోటీసిచ్చి, కంపెనీ మనిషి ఎదుట నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేయాలి. మీ బోరు నీళ్ళ ఫలితం వేరు. ఎన్జీటీ సాక్ష్య చట్టానికి కట్టుబడి నడవదు కాబట్టి, సరైన పద్ధతిలో తీసిన నమూనా అక్కడ కదలిక తెస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఉదయ్‌పూర్ దగ్గర బిచ్ఛ్రీలో బావులు చెడిన కేసులో కాలుష్యం చేసినవాళ్ళే ఖర్చంతా భరించాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. 37 కోట్ల పైచిలుకు వడ్డీతో కట్టమన్న ఆదేశం ఖరారయ్యేసరికి 2011. కోర్టు నీళ్ళిస్తుందని కూర్చోవద్దు.

నీళ్ళట్యాంకు:
పైపు నీళ్ళకే పట్టుబట్టేవాళ్ళకు కూడా ఒక మాట, నేనూ అటువైపే కాబట్టి చెబుతున్నాను. చాలా ఊళ్ళలో మిషన్ భగీరథ పైపు నీళ్ళూ బోరు నీళ్ళూ ఒకే ట్యాంకులో కలుస్తాయి. బోరు లైనుకు వాల్వు కట్టేశామంటారు. వాల్వు కారుతుంది, ఎండాకాలంలో ఎవరో తిప్పుతారు. లైను కోసి, పైపు చివరి ఫ్లాంజికి (బోల్టులు బిగించే అంచుకు) రంధ్రం లేని గుడ్డి ప్లేటు బిగించాలి. ట్యాంకు, లైన్లు కడిగాకే కొత్త నీళ్ళు వదలాలి.

ద్రావకాలు ఇంకిన నేలలో నల్ల ప్లాస్టిక్ పైపు వేయనివ్వకండి. టోలీన్ లాంటివి ఆ పైపు గోడలోంచే లోపలికి ఊరతాయి, అతుకు ఊడనక్కర్లేదు. ఆ మేరకు డక్టైల్ ఐరన్ (ఇనుప) పైపు వేయమనండి, రబ్బరు వాషర్లు కూడా ద్రావకాలను తట్టుకునే రకం కావాలి. అంచనా తయారయ్యేటప్పుడే పట్టుబట్టాలి, పైపులు దిగాక ఎవరూ మార్చరు.

బోరుబండి:
గ్రానైటుగుట్ట అన్నా, ఇంకొక్కటి అడుగుత. ఊరి బోర్లు బంద్ చేస్తం, పక్కన పొలం బోర్లు రోజుకు ఏడెనిమిది గంటలు నడుస్తయి. అవి చెడ్డనీళ్ళను గుంజవా?

గ్రానైటుగుట్ట:
గుంజుతాయి. ఊరి బోరు ఆగితే చెడ్డనీరు వాటివైపే తిరగొచ్చు. కాబట్టి వాగుకు రెండు వైపులా ఉన్న పొలం బోర్లలో కనీసం ఐదారు జాబితాలో పెట్టి, మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి నమూనా తీయాలి. వానలు పడ్డాక పై పొరలో నిలిచినదంతా కిందికి కొట్టుకొస్తుంది, మే అంకె చూసి ధీమా పడొద్దు. పొలం దగ్గర కూలీలు తాగేది ఆ బోరు నీళ్ళే, వాళ్ళకు ట్యాంకరు క్యాన్లు అక్కడికే చేరాలి.

మంజీరతీరం:
పొలం బోర్ల సంగతి నా లెక్కలో లేదు. మొదటి పోస్టులో "తీసుకోవాలి" అన్నదాన్ని మారుస్తున్నాను: ద్రావకాల పరీక్ష కాగితం చేతికొచ్చాకే, తీర్మానం రాశాకే.