షుగరుకు బిళ్ళగన్నేరు ఆకులు: నమలవచ్చా, వద్దా?

పెరటితులసి:
మా నాన్నగారికి 64 ఏళ్ళు, షుగరు వచ్చి 11 ఏళ్ళు. రెండు నెలలుగా పరగడుపున నాలుగైదు బిళ్ళగన్నేరు ఆకులు నములుతున్నారు. అంతవరకు నేనేమీ అనలేదు. కానీ మెట్‌ఫార్మిన్ మాత్రలు మానేశారని నిన్ననే తెలిసింది. తెచ్చిన డబ్బా తెచ్చినట్టే నిండుగా ఉంది. "ఆకులో ఉన్నదే మాత్రలో పెడతారు, ఆకే తింటే సరిపోతుంది కదా" అంటారు. ఆయనతో వాదించేంత చదువు నాకు లేదు. ఇది మందా, విషమా? తెలిసినవారు చెప్పండి.

గోదారిగట్టు:
విషం అనడం తొందరపాటు. మా వీధిలో షుగరున్న ప్రతి ఇంటి పెరట్లోనూ మా అమ్మమ్మ కాలం నుంచి ఈ మొక్క ఉంది. ఇది నమ్మకం ఒక్కటే కాదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు తాజా ఆకుల రసాన్ని కుందేళ్ళకు పట్టించి చూసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. మధుమేహం ఉన్నవాటిలోనూ, లేనివాటిలోనూ చక్కెర తగ్గింది. క్యాన్సర్ మందులు తీసిందీ ఈ మొక్క నుంచే. మన పెరటి మొక్కకు కంపెనీ ముద్ర పడితేనే విలువా?

మందులబడి:
ఔషధ మొక్కల రసాయనశాస్త్రం బోధిస్తాను. మొక్క మన పెరట్లో ఉన్నా పుట్టిల్లు మడగాస్కర్. ఆ క్యాన్సర్ మందుల కథ మొదలైందే షుగరుతో, అందుకే పూర్తిగా చెప్పాలి.

1952లో జమైకా నుంచి ఒక వైద్యుడు పాతిక ఆకులు కవరులో పెట్టి కెనడాకు పంపాడు. జమైకాలో షుగరు రోగులు వాటి కషాయం తాగుతున్నారని రాశాడు. ఆ ఆకులు కెనడా శాస్త్రవేత్త రాబర్ట్ నోబుల్ ప్రయోగశాలకు చేరాయి. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే చక్కెర పెద్దగా కదలలేదు. సారాన్ని సూదితో ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. కోసి చూస్తే చీముగడ్డలు! తెల్ల రక్తకణాలు అడుగంటడంతో సూక్ష్మక్రిములకు ఎదురులేకపోయింది. తెల్లకణాలను ఇంతగా అణచే పదార్థం, అవి మితిమీరే లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) పనికిరాదా అన్న ఆలోచన అక్కడే పుట్టింది. నోబుల్, ఆయన సహచరుడు చార్లెస్ బీర్ 1958 నాటికి ఈ ఆకుల నుంచి క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. ఆ తరువాత ఈ మొక్క నుంచే రెండో క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ వచ్చింది.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నని గొట్టాలు ఉంటాయి. అవి కట్టుకోకుండా ఈ రెండూ అడ్డుపడతాయి. నరాల లోపల సరుకు మోసే దారులూ అలాంటి గొట్టాలే. విన్‌క్రిస్టిన్ ఎక్కించుకునే పిల్లలకు కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కేది అందుకే. నరాలు దెబ్బతిన్న, పుండ్లు త్వరగా మానని షుగరు రోగికి తగలకూడని దెబ్బలు ఇవే.

గోదారిగట్టు:
అమ్మా, బెదిరించకండి. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలని మీ శాస్త్రవేత్తలే రాస్తారు. నాలుగు ఆకుల్లో ఎంత ఉంటుంది? పైగా నరంలోకి ఎక్కించడం వేరు, నమలడం వేరు.

మందులబడి:
ఆ లెక్క సరైనదే, ఒప్పుకుంటున్నాను. నాలుగు ఆకుల్లోని విన్‌బ్లాస్టిన్‌తో ఎవరూ పడిపోరు. నా మాట భయపెట్టి ఉంటే క్షమించండి. కానీ ఈ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్క రసాయనాలు ఉన్నాయి. వాటిలో విండోలిన్, క్యాథరాంథిన్ ఆకులో విన్‌బ్లాస్టిన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. లేతాకు, ముదురాకు, నేల, ఎండను బట్టి పాళ్ళు మారతాయి. మోతాదు తెలియని మందుకు మనిషిని ఎలా అప్పగిస్తాం? ఇంతకీ నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ నిండు డబ్బా.

పెద్దాయనకు ఇంకో సంగతి చెప్పండి. మెట్‌ఫార్మిన్ వంశమూ మొక్కదే, కానీ బిళ్ళగన్నేరుది కాదు. యూరప్‌లో గాలెగా అనే మొక్క ఉంది. అందులోని గాలెజిన్ చక్కెరను దించుతుంది, మేసిన గొర్రెలను చంపుతుంది కూడా. దానికి దగ్గరి పోలిక ఉన్న మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని షుగరు రోగులకు ఇచ్చి, 1957లో ఫలితాలు ప్రకటించాడు.

చెరువుకట్ట:
మా పెద్దమ్మ చక్కెరను దించే గ్లిమిపిరైడ్ మాత్రా వేసుకునేది, ఆకూ నమిలేది. ఒక మధ్యాహ్నం చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడింది. చక్కెర 52కు పడిపోయింది. ఆకే కారణమని ప్రమాణం చేయలేను, ఆ రోజు భోజనమూ ఆలస్యమైంది. ఆస్పత్రిలో ఆకుల గురించి అడగలేదు, మేమూ చెప్పలేదు. చెప్పి ఉండవలసిందని ఇప్పటికీ బాధ.

గోదారిగట్టు:
మాత్రలు మానమని నేనూ అనను. కానీ కుందేళ్ళ దగ్గరే ఆగిపోవడం ఎవరి లోపం? ఎవరికీ లాభం రాని పెరటి ఆకు మీద మనుషుల్లో పెద్ద పరీక్షకు డబ్బు ఎవరు పెడతారు? అది జరిగేదాకా, రుజువు లేదన్న మాటను పనిచేయదని చదవకండి.

మందులబడి:
ఈ మాటతో ఏకీభవిస్తాను. ఆ పరీక్ష జరగాలి. అయితే తులసిగారి నాన్నగారు ఒంటరిగా, వంటింట్లో చేసుకోవలసిన పరీక్ష కాదది.

పెరటితులసి:
గాలెగా కథ నాన్నగారికి చదివి వినిపించాను. గొర్రెల దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు. రాత్రి మాత్ర వేసుకున్నారు. ఆకు మానతానని మాత్రం ఇంకా అనలేదు. సోమవారం రక్తపరీక్షకు వెళ్తున్నాం. ఆకుల సంగతి డాక్టరుకు ఆయన చేతనే చెప్పిస్తాను.