"అరిగిపోయిన రికార్డు": అరిగితే పాట మళ్ళీ మళ్ళీ వస్తుందా?

చెప్పిందే చెప్పేవాళ్ళని "అరిగిపోయిన రికార్డు" అంటాం కదా, ఈ వాడుక నాకెప్పుడూ అన్యాయంగా అనిపిస్తుంది. గ్రామఫోన్ రికార్డు అరిగితే పాట వెనక్కి రాదు. ముల్లు రాసుకుని రాసుకుని గాడి గోడలు అరుగుతాయి. సన్నటి శబ్దాలు మొద్దుబారతాయి, గరగర పెరుగుతుంది. పాట మాత్రం చివరిదాకా నడుస్తుంది. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చేది అడ్డంగా గీత పడినప్పుడు. ముల్లు ఎగిరి, తిరిగిన గాడిలోనే పడుతుంది. అంటే "గీత పడ్డ రికార్డు" అనాలేమో.

దీని మీద నాకింత పట్టింపు రావడానికి కారణం ఒక క్యాసెట్. మా అక్క దాచుకున్న లలితగీతాల ఆల్బం, 60 నిమిషాల టేపు, ఒక్కో వైపు అరగంట. స్కూలు నుంచి రాగానే పెట్టేవాళ్ళం. "అరిగిపోతుందర్రా, ఆపండి" అనేది అమ్మ. నిజంగానే అరిగింది. టేపు మీది పొడి ప్లేయర్ హెడ్‌కి అంటుకునేది. అక్క దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే దూది ఇటుకరంగుకి తిరిగేది. రెండో వైపు మూడో పాటకు ముందు, ఆ కాస్త నిశ్శబ్దంలో, అదే పాట ఎక్కడో దూరాన లీలగా వినిపించేది. చుట్టలో ఒక పొర మీది శబ్దం పక్క పొరకు అంటుకోవడం వల్ల అలా వస్తుందని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పట్లో మాత్రం గాయని మనసులో ఒకసారి పాడుకుని మొదలుపెడుతోందనుకునేదాన్ని.

అసలు "అరగడం" అంటే మనకు నష్టం ఒక్కటే కాదు. చెప్పులూ అరుగుతాయి, తిన్నదీ అరుగుతుంది. మొదటిది తరిగిపోవడం, రెండోది ఒంటబట్టడం. ఆ క్యాసెట్ విషయంలో రెండూ జరిగాయి.

చదివినవారి జవాబు: మీ గీత వాదన బాగుందండీ, కానీ "అరిగిన" అన్నదీ తప్పు కాదేమో. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు లక్కవి, వాటికి ఉక్కు ముల్లు. మా తాతగారు ప్రతి పాటకీ ముల్లు మార్చేవారు. మొండి ముల్లుతో వేస్తే గాడి గోడ అరిగి పెచ్చులూడుతుంది, అప్పుడు ముల్లు పక్క గాడిలోకి జారుతుంది. అలాంటి చోట అదే ముక్క తిరగొచ్చు.

నా జవాబు: గోడ విరగడం నాకు తట్టలేదండీ, ఒప్పుకుంటున్నాను. వాడుక పుట్టింది లక్క రికార్డుల కాలంలోనైతే మీ మాటకే బలం ఎక్కువ. మా టేపు అయితే ఒక్కసారే నలిగింది. ఆ మూడో పాట రెండో చరణంలో, ఒక మాట మధ్యలో అక్షరం పోయింది. ఇప్పుడు ఫోన్‌లో అంతా శుభ్రంగా వినిపిస్తుంది. అయినా అక్కా నేనూ కలిసి పాడితే, అక్కడికి రాగానే ఇద్దరం ఆ అక్షరం మింగేస్తాం.