తలకోనలో రాతికి అంటుకున్న గుడ్లు: ఇంట్లో పొదిగించవచ్చా?

ప్రశ్న: నిన్న తలకోన జలపాతం దారిలో, ఒక కొండచరియ కింది నీడలో, తెల్లని బొత్తాలు అతికించినట్టు రాతి నిండా గుడ్లు కనిపించాయి. పక్కనే పసుపు పూసినట్టున్న పెద్ద బల్లి. మా అబ్బాయి ఒక గుడ్డును గోకి జేబులో వేసుకున్నాడు. ఇంటికి వచ్చాకే చూశాను. దీన్ని పొదిగించే మార్గముందా? ఆ బల్లికి విషం ఉంటుందా?

జవాబు: విషం లేదండీ, భయపడకండి. మీరు చూసినది బంగారు బల్లి, శాస్త్రీయ నామం కాలోడాక్టిలోడిస్ ఆరియస్. ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపులో, ఉన్నవి రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమలది, రెండోది శ్రీలంకది. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ దీన్ని తిరుపతి కొండల నుంచే వర్ణించాడు. తరవాత వందేళ్లకు పైగా జాడ లేదు. 1980లలో మళ్లీ శేషాచలంలోనే కనిపించింది. ఆ మెరిసే పసుపు జతకట్టే కాలంలో మగదానికి వస్తుంది. ఆడది గోధుమ రంగులో రాతిలో కలిసిపోతుంది.

ఇక గుడ్డు సంగతి. పెంకుకు రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే పిల్ల ఎప్పుడో వెళ్లిపోయింది. లేకపోతే ఇప్పుడున్న వైపు నుంచి తిప్పకండి, బల్లి గుడ్డును తిప్పితే లోపలి పిండం దెబ్బతినవచ్చు. అలాగే దూదిలో ఉంచి అటవీ సిబ్బందికి అప్పగించండి. ఇంట్లో పొదిగించే ప్రయత్నం మాత్రం వద్దు.

అడిగినవారు: రంధ్రం ఉంది! రాత్రంతా నిద్ర లేదు, ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. ఖాళీ పెంకే కదా, తీసినా నష్టం లేదంటారా?

జవాబు: ఉందండీ. చాలా ఆడబల్లులు ఒకే బండను ఎంచుకుని, ఏటా అక్కడికే వచ్చి గుడ్లు అతికిస్తాయి. అందుకే పాత పెంకుల పక్కనే కొత్త గుడ్లుంటాయి. ఏది ఖాళీదో, దేనిలో పిల్ల ఉందో కింద నిలబడి చూస్తే తెలియదు. గోకితే నిండు గుడ్డు పగిలిపోతుంది. మీ అబ్బాయిని కోప్పడకండి, అంత చిన్న వయసులో అది కంటపడటమే అదృష్టం. ఈసారి సాయంత్రం చీకటి పడకముందు తీసుకెళ్లి, దూరం నుంచి దాని వేళ్లు చూపించండి. చివర్లలో పలకల్లాంటి వెడల్పు మెత్తలుంటాయి. కాలోడాక్టిలోడిస్ అనే పేరులో ఉన్నది ఆ అందమైన వేళ్లే.