ఎల్‌వ్యాడ్ డ్రైవ్‌లైన్ దగ్గర చీము: ఇంట్లో ఉన్న మాత్రలు వేయవచ్చునా?

ప్రశ్న:
మా నాన్నగారికి గుండె ఎడమ జఠరికకు సాయంగా హార్ట్‌మేట్ 3 పంపు (ఎల్‌వ్యాడ్) అమర్చారు. పొట్ట మీద డ్రైవ్‌లైన్ (పంపుకు కరెంటు అందించే తీగ) బయటికి వచ్చే చోట చర్మం ఎర్రబడి చీము కారుతోంది, జ్వరం మాత్రం లేదు. ఇదివరకు రాసిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు ఇంట్లో మిగిలి ఉన్నాయి. వాటిని మొదలుపెట్టవచ్చునా? ఇది పూర్తిగా నయమవుతుందా?

సమాధానం:
దయచేసి ఆ మాత్రలు వేయకండి. పంపు అమర్చిన వైద్య బృందానికి ఈరోజే ఫోన్ చేయండి. చీమును కల్చర్ పరీక్షకు (సూక్ష్మజీవిని పెంచి ఏదో గుర్తించే పరీక్ష) తీసుకోకముందే మందు పడితే సూక్ష్మజీవి బయటపడకపోవచ్చు, ఆపైన చికిత్స అంతా అంచనా మీదే నడపవలసి వస్తుంది. ఇక్కడ తరచుగా కనిపించేవి స్టెఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా. మొదటిదానికి వాడే మాత్రల్లో చాలావాటికి రెండోది లొంగదు. జ్వరం లేకపోయినా రక్తాన్ని కూడా కల్చర్‌కు పంపడం మంచిది. చీము ఎంత లోతుకు వెళ్లిందో అల్ట్రాసౌండ్‌తోనో సీటీ స్కాన్‌తోనో చూస్తారు, ఈ పంపు ఉన్నవారికి ఎంఆర్‌ఐ చేయకూడదు.

చర్మం వరకే ఉంటే సాధారణంగా రెండు వారాల మందు సరిపోతుంది. లోపలి కండర పొరల దాకా పాకితే నరం ద్వారా వారాల తరబడి మందు ఇవ్వడమే కాక, శస్త్రచికిత్స చేసి చీము తీసి శుభ్రపరచవలసి రావచ్చు. రక్తంలోకి చేరితే దాదాపు 6 వారాల చికిత్స తరువాత కూడా, తిరగబెట్టకుండా దీర్ఘకాలం మాత్రలు కొనసాగించడం సాధారణమే. సూక్ష్మజీవులు తీగ మీద బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుని మందుకు అందకుండా ఉంటాయి కాబట్టి, పరికరం ఒంట్లో ఉన్నంతకాలం లోతైన ఇన్‌ఫెక్షన్‌ను సమూలంగా తొలగించడం కష్టం. గుండె మార్పిడికి అర్హత ఉన్నవారికి అదే శాశ్వత మార్గం కావచ్చు.

ప్రశ్న:
వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

సమాధానం:
తప్పక చెప్పవలసిన విషయమే అడిగారు. కోట్రైమోక్సజోల్, మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్‌లు ఐఎన్‌ఆర్‌ను (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే కొలత) పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ఐఎన్‌ఆర్‌ను తగ్గిస్తుంది, అప్పుడు పంపులో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందువల్ల మందు మొదలుపెట్టినప్పుడూ ఆపినప్పుడూ ఐఎన్‌ఆర్‌ను మామూలుకన్నా తరచుగా చూపించాలి, వార్ఫరిన్ మోతాదును మాత్రం మీరుగా మార్చకూడదు. ఆసుపత్రికి చేరేలోగా డ్రైవ్‌లైన్ లాగుడు పడకుండా పట్టీతో కదలనీయకుండా ఉంచండి. చలిజ్వరం వచ్చినా, మాట తడబడినా, పంపు అలారం మోగినా ఫోన్ జవాబు కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.