అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తే బ్యాంకులో డబ్బులు గోవిందానా?

గుంటూరు_మిర్చి:
మా మావయ్య రిటైర్డ్ టీచర్. ఈ మధ్య ఇంట్లో ఒకటే గోల. ఏదో వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చిందట, అమరావతిలో క్వాంటం కంప్యూటర్ ఆన్ చేసిన రోజు నుంచి ఏ పాస్‌వర్డూ పనికిరాదు, మామూలు కంప్యూటర్‌కి కోటానుకోట్ల ఏళ్లు పట్టే లెక్కని అది ఐదు నిమిషాల్లో తేల్చేస్తుంది, కాబట్టి ఎఫ్‌డీలు తీసేసి బంగారం కొనుక్కోండి అని. ఆయన నిజంగానే పాస్‌బుక్ పట్టుకుని బయల్దేరితే అత్తయ్య ఆపింది (బంగారం అన్న మాట చెవిన పడ్డాక ఆవిడ కూడా గట్టిగా ఆపట్లేదు, అది వేరే సంగతి).

నేను కామర్స్ వాణ్ణి, నాకు ఇందులో ఓనమాలు రావు. ఆ ఐదు నిమిషాల వార్త నేనూ పేపర్లో చదివినట్టే గుర్తు, మరీ అంత అబద్ధమా అంటే చెప్పలేకపోతున్నా. ఇందులో నిజమెంత? ఇంకోటి, మా తమ్ముడు ఈసీఈ రెండో ఏడాది, కాలేజీలో క్వాంటం మైనర్ (బ్రాంచితో పాటు అదనంగా చదివే కోర్సు) పెట్టారు తీసుకోనా అని ప్రాణం తీస్తున్నాడు. తెలిసినవాళ్లు కాస్త అర్థమయ్యేలా చెప్పండి, లింకులు పడేసి చదువుకో అనకండి.

తాళంకప్ప:
నేను పేమెంట్స్ సాఫ్ట్‌వేర్‌లో, సెక్యూరిటీ వైపు పనిచేస్తాను. ముందు ఎఫ్‌డీ తీయొద్దని చెప్పండి, ముందుగా తీస్తే వడ్డీ కోత పడేది మాత్రం గ్యారంటీ.

ఆ ఐదు నిమిషాల వార్త నిజమే, కానీ అది అమరావతి మెషీన్ గురించి కాదు. 2024 డిసెంబర్‌లో గూగుల్ విల్లో అనే చిప్ గురించి చెప్పింది, 105 క్యూబిట్లు (క్వాంటం కంప్యూటర్‌లో లెక్క చేసే అతి చిన్న భాగాలు), సూపర్ కంప్యూటర్‌కి 1 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు పట్టే లెక్కని ఐదు నిమిషాల లోపే చేసిందని. ఆ లెక్కేంటో ఫార్వర్డ్‌లో రాయరు. చిప్ మీద ఇష్టమొచ్చిన క్రమంలో ఆపరేషన్లు చేయించి, చివర్లో ఏ అంకెలు ఎన్నిసార్లు వస్తున్నాయో చూడటం, అంతే. ఆ జవాబుతో ఎవరికీ ఏ పనీ లేదు. క్వాంటం చిప్‌కి తేలికగా, మామూలు కంప్యూటర్‌కి నరకంగా ఉండాలనే ఏరికోరి పెట్టిన పరీక్ష అది. ఇదే గూగుల్ 2019లో సికమోర్ అనే 53 క్యూబిట్ల చిప్‌తో ఇలాంటి లెక్కే 200 సెకన్లలో చేసి, సూపర్ కంప్యూటర్‌కి 10,000 ఏళ్లు పడుతుందంది. వెంటనే ఐబీఎం వాళ్లు అబ్బే, రెండున్నర రోజులు చాలు అన్నారు. 2022లో చైనా పరిశోధకులు 512 జీపీయూలు (వీడియో గేములకీ ఏఐకీ వాడే చిప్పులు) పెట్టి 15 గంటల్లో చేసి చూపించారు. 10,000 ఏళ్లు కాస్తా మూడేళ్లలో ఒక పూట పనైపోయింది! అందుకే ఏళ్ల లెక్క కనబడగానే నేను మొదట చూసేది ఏ లెక్కకి అని.

ఇక పాస్‌వర్డ్ సంగతి. మీ మావయ్యగారి నాలుగంకెల పిన్ కనిపెట్టడానికి ఏ క్వాంటమూ అక్కర్లేదు, ఉన్నవే పదివేలు, సెల్‌ఫోన్ కూడా రెప్పపాటులో అన్నీ తిరగేస్తుంది. అయినా ఎవరూ ఎందుకు చేయలేరంటే వరసగా తప్పు కొడితే బ్యాంకు లాక్ చేస్తుంది కాబట్టి. క్వాంటం కంప్యూటర్ వచ్చినా ఆ తాళం అక్కడే ఉంటుంది. అది దెబ్బకొట్టేది ఇంకోచోట, మీ ఫోనుకీ బ్యాంకు సర్వర్‌కీ మధ్య మాటలు ఎవరికీ వినబడకుండా కాపాడే ఆర్‌ఎస్‌ఏ లాంటి పద్ధతుల్ని. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించడం సులువు, గుణించగా వచ్చిన దాన్నుంచి ఆ రెండూ మళ్లీ రాబట్టడం కష్టం, ఆర్‌ఎస్‌ఏ బలమంతా అదే. ఇప్పుడు వాడే సంఖ్యకి 617 అంకెలుంటాయి. పీటర్ షోర్ అనే ఆయన 1994లోనే కాగితం మీద చూపించాడు, సరైన క్వాంటం కంప్యూటర్ ఉంటే ఇది సులువే అని. 2001లో ఐబీఎం, స్టాన్‌ఫర్డ్ వాళ్లు 7 క్యూబిట్లతో నిజంగా చేసి చూపించారు కూడా. వాళ్లు విడగొట్టిన సంఖ్య ఎంతనుకున్నారు, 15. మూడైదులు పదిహేను.

617 అంకెల దాన్ని విడగొట్టాలంటే ఎన్ని క్యూబిట్లు కావాలో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ 2019లో ఒకరితో కలిసి లెక్కేశాడు, 2 కోట్లు, 8 గంటలు. 2025 మే నెలలో ఆయనే మళ్లీ లెక్కేసి 10 లక్షల లోపే చాలు, వారం లోపు పనవుతుందన్నాడు. అమరావతికి 2025లో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి ప్రకటించిన మెషీన్‌లో ఉండేవి 156. పది లక్షలెక్కడ, 156 ఎక్కడ.

ప్లాటు_పిచ్చోడు:
సింపుల్‌గా చెప్పాలంటే అంతా హైప్. ఏఐ అయిపోయింది, ఇప్పుడు క్వాంటం. బ్రోచర్‌లో క్వాంటం అన్న మాట చేరగానే గజం రేటు పెరుగుద్ది, ఆ మెషీన్ విడగొట్టేది మన జేబుల్నే. 15ని విడగొట్టడానికి అన్ని కోట్లా, మా రెండో క్లాసు పిల్లాడు చేస్తాడు.

మైనస్273:
@ప్లాటు_పిచ్చోడు రేట్ల సంగతి నాకు తెలీదు గానీ హైప్ అని కొట్టిపారేయకండి. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, రోజూ క్యూబిట్లని చల్లగా ఉంచే ఫ్రిజ్‌ల పక్కనే బతుకు. 2025 ఫిజిక్స్ నోబెల్ ఎవరికొచ్చిందో చూడండి, క్లార్క్, డెవొరే, మార్టినిస్. 1984, 85ల్లో బర్క్‌లీలో వాళ్లు చేసిన ప్రయోగాలకి. చేత్తో పట్టుకోగలిగేంత ఎలక్ట్రిక్ సర్క్యూట్ మొత్తం ఒకే కణంలాగా క్వాంటం నియమాలు పాటిస్తుందని చూపించారు. ఇవాళ గూగుల్, ఐబీఎం చిప్పులన్నీ ఆ దారిలో వచ్చినవే, 2019 సికమోర్ పనికి ముందున్నది కూడా ఆ మార్టినిసే.

విల్లో విషయంలో పేపర్లన్నీ ఆ 25 సున్నాల వెంట పడ్డాయి. మా ల్యాబ్‌లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, అందరూ మాట్లాడుకున్నది రెండోదాని గురించి. క్యూబిట్‌తో పెద్ద తలనొప్పి ఏంటంటే అది నిలవదు. విల్లోలోనే ఒక క్యూబిట్ తన స్థితిని పట్టుకుని ఉండేది దాదాపు 100 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పదివేలో వంతు, అదీ గొప్పే. కాస్త వేడి తగిలినా, ఎక్కడి నుంచో చిన్న రేడియేషన్ పడినా తప్పు దొర్లుతుంది. అందుకే 15 మిల్లీకెల్విన్ల దగ్గర, అంటే ఇంచుమించు మైనస్ 273 డిగ్రీల దగ్గర పెడతారు, అంతరిక్షమే 2.7 కెల్విన్లు, దానికంటే వంద రెట్లు పైగా చల్లన. ఫొటోల్లో పెళ్లి మంటపం షాండ్లియర్ లాగా బంగారు రంగులో వేలాడేది కంప్యూటర్ అనుకుంటారు జనం, అది ఫ్రిజ్, అసలు చిప్ దాని అడుగున గోరంత ఉంటుంది.

మరి తప్పుల్ని ఎలా దిద్దాలి? చాలా క్యూబిట్లని కలిపి ఒక్క నికరమైన క్యూబిట్‌గా వాడాలి. ఇక్కడో మెలిక ఉంది, ఎన్ని ఎక్కువ కలిపితే తప్పు చేసేవాళ్లు కూడా అంత పెరుగుతారు కదా, అందుకే చాలా ఏళ్లపాటు కలిపేకొద్దీ పని చెడేది. విల్లోలో 3×3, 5×5, 7×7 గళ్లుగా పెంచుకుంటూ పోతే ప్రతిసారీ తప్పులు సగానికి సగం తగ్గాయి. అదీ అసలు వార్త. కాకపోతే ఆ 7×7కి, తప్పులు కనిపెట్టే క్యూబిట్లతో కలిపి 101 పట్టాయి. 101 కలిస్తే ఒక్కటి! ఈ లెక్కన 156 క్యూబిట్ల మెషీన్ గురించి మీరే ఊహించుకోండి.

ఇంకోటి, క్యూబిట్ సున్నా, ఒకటి రెండూ ఒకేసారి కాబట్టి జవాబులన్నీ ఒకేసారి ప్రయత్నిస్తుంది అని యూట్యూబ్‌లో చెబుతుంటారు, ఒళ్లు మండుతుంది. కొలిచామంటే చేతికొచ్చేది ఒక్క జవాబే, అదీ ఏదో ఒకటి. తప్పు జవాబుల అలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని ఒప్పు జవాబు అల బలపడేలా లెక్కని అమర్చాలి, ఆ అమరిక కుదిరే లెక్కలు చాలా కొన్నే. షోర్ కనిపెట్టింది అలాంటి ఒకటి. మీ ఎక్సెల్ షీటు క్వాంటం కంప్యూటర్‌లో వేస్తే మీ లాప్‌టాప్ కన్నా నిదానంగా నడుస్తుంది.

గుంటూరు_మిర్చి:
అబ్బ, ఇప్పుడు కొంచెం బుర్రకెక్కింది. అయితే నాకో డౌటు, పది లక్షల క్యూబిట్లు ఇప్పట్లో రావు కదా, మరి బ్యాంకులూ ప్రభుత్వాలూ ఇప్పట్నుంచే ఎందుకు కంగారు పడుతున్నాయి? వచ్చినప్పుడు తాళాలు మార్చుకోవచ్చుగా.

తాళంకప్ప:
మంచి ప్రశ్న. కారణం ఒక్కటే, దొంగ ఇవాళే పని మొదలుపెట్టొచ్చు. నెట్‌లో పోతున్న లాక్ చేసిన డేటాని ఇప్పుడు రికార్డు చేసి దాచుకుంటాడు, విప్పలేడు, పర్లేదు, పదిహేనేళ్లకి మెషీన్ వచ్చాక విప్పుకుంటాడు. మీ ఈ నెల స్టేట్‌మెంట్ అప్పటికి ఎవడిక్కావాలి. కానీ రక్షణ శాఖ ఫైళ్లు, జనం ఆరోగ్య రికార్డులు, ఎంబసీల ఉత్తరాలు అప్పటికీ విలువైనవే.

అందుకే తాళాలు ఇప్పుడే మారుతున్నాయి, మీకు తెలీకుండా మీ ఫోన్లో కూడా. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటం కంప్యూటర్‌కి కూడా లొంగకూడదని తయారుచేసిన మూడు కొత్త పద్ధతుల్ని ఖాయం చేసింది, వాటిలో కైబర్ అని పిలిచేది ముఖ్యం. సిగ్నల్ యాప్ అంతకు ముందే 2023లో మార్చుకుంది, ఐమెసేజ్ 2024లో, క్రోమ్ బ్రౌజర్ కూడా అదే ఏడాది. మంచి విషయం ఏంటంటే కొత్తదాని మీదే భారం వేయకుండా పాతదీ కొత్తదీ రెండు తాళాలూ కలిపి వేస్తున్నారు, ఒకటి విరిగినా రెండోది ఉంటుంది.

అలా ఎందుకో మీకు ఈ కథ చెప్తే తెలుస్తుంది. కొత్త తాళాల కోసం నిస్ట్ పెట్టిన పోటీలో సైక్ అనే పద్ధతి చివరిదాకా బతికింది, క్వాంటం కంప్యూటర్‌కి కూడా లొంగదన్నారు. 2022లో బెల్జియంలో ఇద్దరు గణిత పరిశోధకులు దాన్ని గంటలో విరగ్గొట్టారు. దేంతో? ఒక్క కోర్ మీద నడిచే మామూలు కంప్యూటర్‌తో, అదీ 1990ల నాటి ఒక సిద్ధాంతాన్ని వాడి. ఆ వారం మా ఆఫీసులో సగం మంది మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

పైగా కొత్త తాళాలు బరువు. ఇప్పుడు వాడే పబ్లిక్ కీ (తాళం వేయడానికి అందరికీ ఇచ్చే కీ), ఆర్‌ఎస్‌ఏ కాకుండా దానికన్నా చిన్న రకానిది, 32 బైట్లు ఉంటే కైబర్‌ది 1,184 బైట్లు. ఆ చిన్న రకంలోనే డిజిటల్ సంతకం ఇప్పుడు 64 బైట్లు, కొత్తది 2,420. ఫోనుకి అది లెక్కే కాదు. స్మార్ట్ కార్డులకీ, కరెంటు మీటర్లకీ, పాత స్వైపింగ్ మెషీన్లకీ మెమరీ ఉండేదే కొంచెం, వాటితోనే మా చావు. ప్రాజెక్టు మీటింగుల్లో క్వాంటం గురించి ఎవరూ మాట్లాడరు, ఏ మెషీన్లో ఏ కీ ఎక్కడుందో లిస్టు రాయడంతోనే సరిపోతోంది. చాలా చోట్ల ఆ లిస్టే లేదు.

మీ మావయ్యగారికి ఒక్క మాట చెప్పండి, ఎవరైనా ఫోన్ చేసి మీ ఖాతాకి క్వాంటం ప్రొటెక్షన్ పెడతాం ఓటీపీ చెప్పండి అంటే పెట్టేయమనండి, అదే ఫోన్ని. డబ్బు పోతే వెంటనే 1930కి కొట్టాలి.

లెక్కల_మేష్టారు:
తమ్ముడి సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మైనర్ తీసుకోమనండి, కానీ పేరు చూసి కాదు, సిలబస్ చూసి. అందులో మొదటి సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉంటే మంచిది, లేకుండా నేరుగా క్వాంటం అప్లికేషన్లు, క్వాంటం ఏఐ అని ఉంటే అది సర్టిఫికెట్ కోర్సు కిందే లెక్క. మెషీన్ ఇక్కడికి వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా, క్వాంటం ప్రోగ్రాములు రాసే ఐబీఎం వాళ్ల సాఫ్ట్‌వేర్ కిస్కిట్ ఉచితం, పైథాన్ వస్తే చాలు, క్లౌడ్‌లో అసలు మెషీన్ మీద కూడా కొద్ది సమయం డబ్బు కట్టకుండా నడుపుకోవచ్చు.

ఈసీఈ కుర్రాడికి ఇంకో మంచి దారి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఈ మెషీన్లకి అల్గారిథమ్ రాసేవాళ్లకన్నా మైక్రోవేవ్ సర్క్యూట్లు, క్రయోజెనిక్స్ (అతి చల్లగా ఉంచే విద్య), కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు దొరకడం కష్టం. క్యూబిట్‌కి ఆదేశాలు పోయేది మైక్రోవేవ్ పల్సుల్లోనే. కేంద్రం 2023లో ₹6,003 కోట్ల పైచిలుకుతో పెట్టిన క్వాంటం మిషన్ కూడా ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 క్యూబిట్ల దాకా మెషీన్లు మన దేశంలోనే తయారు కావాలంటోంది, ఆ పని ఎలక్ట్రానిక్స్ వాళ్లు లేకుండా అయ్యేది కాదు. యాంటెన్నాస్, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) పేపర్లు బోర్ అని వదిలేస్తుంటారు మా పిల్లలు. వాటిని వదలొద్దని చెప్పండి.

మీసేవ_కౌంటర్:
తాళంకప్ప గారూ, ఆధార్ సంగతేంటండీ? రోజూ వేలిముద్రలు వేయించేది మేమే.

తాళంకప్ప:
అది కాస్త ఆలోచించాల్సిందే. ఆధార్ అథెంటికేషన్‌లో వేలిముద్ర డేటాని ఏఈఎస్ (లాక్ చేయడానికీ విప్పడానికీ ఒకే కీ వాడే పద్ధతి) కీతో లాక్ చేస్తారు, ఏఈఎస్‌కి క్వాంటంతో పెద్ద భయం లేదు, 256 బిట్లయితే నిశ్చింత. కానీ ఆ కీని పంపేటప్పుడు దానికి వేసేది 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళం, పైన చెప్పిన 617 అంకెలదే. సర్వర్ వైపు మార్చడం ఒక ఎత్తు, ఊరూరా రేషన్ షాపుల్లో ఉన్న మెషీన్లన్నిటికీ అప్‌డేట్ వేయడం ఇంకో ఎత్తు. పాస్‌వర్డ్ పోతే రేపు కొత్తది పెట్టుకుంటాం, వేలిముద్ర పోతే 2040లో కూడా అదే వేలు. నా చేతిలో ఉంటే ముందు మార్చేది వాటినే, బ్యాంకు యాప్‌లు తర్వాత. మీ కౌంటర్‌లో మెషీన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగితే మాత్రం రేపు చూద్దాం అని పక్కన పెట్టకండి.